చివరి గదిలో బొత్తాల పెద్దమ్మ

లాండ్రీ మీది గది,
సోమవారం

ప్రియమైన తమ్ముడికి,

చచ్చిపోయిన మనిషి చెయ్యి ఎప్పుడైనా పట్టుకున్నావా? దూరంగా నిలబడి చూడటం కాదు, నలుగురి వెనక నుంచి మెడ సాచి చూడటం కాదు. ఆ చేతిని నీ చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందులు తుడిచి, గోళ్ళు శుభ్రం చేసి, గుండెల మీద పెట్టావా? ప్రతి ఆదివారం మా ప్రార్థన కూడికలో ప్రసంగిస్తూ ఈ ప్రశ్న అడుగుతాను. కుర్చీల్లో జనం తమ కాళ్ళకేసి చూసుకుంటారు. ఇవాళ నిన్ను అడుగుతున్నాను. నువ్వు పట్టుకోలేదని నాకు తెలుసు. నాన్న పోయినప్పుడు నువ్వు వరండాలో సైకిల్ తుడుస్తూ కూర్చున్నావు.

దెప్పడానికి రాయడం లేదురా. నీ ఉత్తరం చదివి కడుపు నిండిపోయింది. అట్ట కోటలు, రంగు తెరలు చేసుకుని బతికే నీకు ఇన్నాళ్ళకి దేవుడు ఒక మంచి పని అప్పగించాడు. ముసలివాళ్ళకి సేవ చేసే ఆయాలకి పని నేర్పే కేంద్రం వాళ్ళు, ఒక ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని అచ్చం శవంలా మార్చి ఇమ్మన్నారని రాశావు. కొత్తగా చేరిన ఆడపిల్లలు శవానికి స్నానం చేయించాలంటే భయపడి మానేస్తున్నారని, ముందు దీని మీద వాళ్ళ చెయ్యి అలవాటు చేస్తారని రాశావు. అది చదివి ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడి స్తోత్రం చెప్పాను. ఎండిన ఎముకల లోయలో ప్రవక్త నిలబడ్డాడని, ఎముకల మీదికి నరాలు, మాంసం, చర్మం వచ్చాయని లేఖనంలో ఉంది. నీ చేతికి అలాంటి పనే వచ్చింది. ఊపిరి పొయ్యడం ఒక్కటే నీ వల్ల కాదు. అది గుర్తుంటే చాలు.

ఇక నువ్వడిగింది. ఎముకల గూడు ఎలా పడుకోబెట్టినా నవ్వుతున్నట్టే ఉంది, పోయినవాళ్ళ నోరు ఎలా ఉంటుందో చెప్పు అన్నావు. నవ్వదు. దవడ జారుతుంది. కడిగేవాళ్ళం మేము గడ్డం కింద తువ్వాలు చుట్టి పెడతాం. పెదాలు లోపలికి పోతాయి, ముక్కు సన్నబడి మొన తేలుతుంది, కణతలు గుంట పడతాయి. కళ్ళు పూర్తిగా మూతపడవు.

కానీ ఇలా అందరికీ కలిపి చెబితే నీకు బొమ్మ వస్తుంది, మనిషి రాదు. ఒక్క మనిషిని తలుచుకుని చెయ్యి. బొత్తాల పెద్దమ్మ సంగతి చెబుతాను, విను.

ఆమె దుస్తుల ఫ్యాక్టరీలో వయసంతా చొక్కాలకి బొత్తాలు కుట్టింది. మా కూడికలో ముందు వరస కుర్చీ ఆమెది. మొన్న చలికాలంలో పోయింది. నేనే కడిగాను, కూతురు నీళ్ళు అందించింది. దారం కొరికి కొరికి ముందు పన్ను అరిగి గాడి పడింది. సూది నోట్లో పెట్టుకునే అలవాటుకి నోరు కుడివైపు కాస్త తెరుచుకునే ఉండిపోయింది. తువ్వాలు కట్టినా మూసుకోలేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు సూది పట్టుకున్నట్టే కలిసి బిగుసుకున్నాయి. నేను విడదీయబోతే కూతురు నా చెయ్యి ఆపింది. "వదిలెయ్యమ్మా. అక్కడ కూడా ఎవరి చొక్కాకో బొత్తం ఊడే ఉంటుంది," అంది. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

ఇది బయట చెప్పే మాట కాదు. పోయినవాళ్ళ ఒంటి గురించి కడిగినవాళ్ళు నోరు విప్పకూడదు. ఆ ఆయా పిల్లలు ముట్టుకునేటప్పుడు "ఇది ఎవరో పెద్దావిడ చెయ్యి" అనుకోవాలని, వాళ్ళ భయం పోవాలని నీకు చెబుతున్నాను. కడుపులో దాచుకో.

పాత బట్ట ఏదైనా కావాలన్నావుగా. పేదల పెట్టెలోంచి ఊదారంగు శాలువా పంపుతున్నాను. అది కూడా ఆమెదే. కొస చిరిగితే ఆకుపచ్చ ఉన్నితో అల్లుకుంది. లేనివాళ్ళకి ఇవ్వమని కూతురు తెచ్చిచ్చింది. ఇదీ సేవేగా అని నీకు పంపుతున్నాను.

నీ అక్క


సామాన్ల షెడ్డు,
గురువారం

ప్రియమైన అక్కకి,

శాలువా అందింది. నీ ఉత్తరం రంగు డబ్బాల మీద చెక్కకి గుచ్చి, చూస్తూ పని చేస్తున్నాను.

మన పెద్దావిడ అట్టపెట్టెలో మడత పెట్టి వచ్చింది, మోకాళ్ళు చెవుల దగ్గర పెట్టుకుని. విప్పితే కొత్త బకెట్ వాసన. ముందు కీళ్ళ దగ్గర బోల్టులు బిగించి, వేలాడే చోటల్లా తీగ చుట్టాను. దవడ ఊడదీసి నువ్వు చెప్పినట్టు జార్చి, కుడివైపు చిన్న చెక్కముక్క దూర్చాను. నవ్వు పోయిందక్కా. ఒక్క చెక్కముక్కతో పోయింది.

తర్వాత దవడల కింద, పొట్ట దగ్గర దూది పల్చగా అద్దాను. గోడలకి రంగు వేసేవాళ్ళు నేల మీద పరుస్తారే, ఆ పల్చటి ప్లాస్టిక్ షీటు ఒళ్ళంతా చుట్టి, వేడిగాలి మిషను పట్టాను. షీటు ముడుచుకుని ఎముకల్ని కరుచుకుంటుంది, పక్కటెముకల మధ్యకి దానంతటదే దిగిపోతుంది. ఒకే చోట ఎక్కువసేపు పడితే చిల్లులు పడతాయి. "చిల్లులుంటేనే బాగుంటుందిరా, ఉండనీ," అన్నాడు మా కాంట్రాక్టరు. నేను ఒప్పుకోలేదు, మూసేశాను. పైన రబ్బరు పాలల్లో ముంచిన టిష్యూ కాగితం పొర మీద పొర వేశాను. ఆరాక తలుపులకి వేసే గోధుమరంగు పాలిష్ పూసి, తడి ఉండగానే గుడ్డతో తుడిచాను. ఎత్తుల మీద రంగు పోతుంది, గుంటల్లో నిలుస్తుంది. ముసలితనమంతా గుంటల్లోనే ఉంటుందని ఈ పనిలో తెలిసింది.

పన్నులో గాడి ఆకురాయితో తీశాను. వేళ్ళు వేడి చేసి వంచాను. నాలుగుసార్లు పాడు చేశాను, ఐదోసారి కుదిరింది. నిన్న పక్క షెడ్డు వడ్రంగి మేకులు అడగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవరి అమ్మరా?" అన్నాడు గొంతు తగ్గించి. అక్కా, ఇన్నేళ్ళలో నేను చేసిన దేన్ని చూసీ ఎవరూ గొంతు తగ్గించలేదు. అట్ట కోట చూసి ఎవరు తగ్గిస్తారు?

ఇంకొక్కటి చెప్పు. పడుకున్న మనిషిని లేపి కూర్చోబెడితే ముందు ఏది కదులుతుంది, భుజమా, మెడా? తల ఎటు వాలుతుంది? కాంట్రాక్టరు అడిగి తెలుసుకోమన్నాడు. అంటే, కేంద్రం వాళ్ళ కోసమే.

నీ తమ్ముడు


లాండ్రీ మీది గది,
ఆదివారం, కూడిక అయ్యాక

ప్రియమైన తమ్ముడికి,

వీపు కడగాలంటే లేపాలి. ఒకరు భుజాల కింద చెయ్యి వేస్తారు, ఇంకొకరు తల పట్టుకుంటారు. పట్టుకోకపోతే తల వెనక్కి పడుతుంది. భుజాలు ముందు వస్తాయి, తల ఆలస్యంగా వస్తుంది, వచ్చాక గడ్డం గుండెకి తగులుతుంది. ఒక్కోసారి లోపల మిగిలిన గాలి నిట్టూర్పులా బయటికి వస్తుంది. కొత్తవాళ్ళు అక్కడే బిందె వదిలేసి పరిగెడతారు. ఆయా పిల్లలకి అది ముందే చెప్పమను.

నీ ప్రశ్న చదువుతుంటే మనసులో ఏదో గుచ్చుకుంది. ఎందుకో తెలియలేదు. పోనీలే, నా అనుమానం నాది. తల్లి కడుపున పుట్టిన తమ్ముణ్ణి అనుమానిస్తే ఇక ఈ లోకంలో ఎవర్ని నమ్ముతాను?

ఇవాళ ప్రసంగంలో నీ పని గురించి చెప్పాను. పేరు చెప్పలేదు, మా తమ్ముడు అన్నాను. తెల్లారకముందే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని ప్రభువు సమాధికి బయల్దేరిన ఆడవాళ్ళ సంగతి చెప్పి, భయం ఉన్నా చేతుల్లో పని ఉన్నవాళ్ళే అందరికంటే ముందు వెళ్ళారని చెప్పాను. బొత్తాల పెద్దమ్మ కూతురు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తల్లి కుర్చీలో ఇంకా కూర్చోదు, పక్కన కూర్చుంటుంది.

ఆ కేంద్రం ఎక్కడో రాయి. నేనే వచ్చి ఆ పిల్లలకి ఒక పూట నేర్పిస్తాను.

నీ అక్క


సామాన్ల షెడ్డు

అక్కకి,

పని ఒత్తిడిగా ఉంది. పెద్దావిడ తయారైంది, అప్పజెప్పేశాను. నువ్విప్పుడు రావద్దు. కేంద్రం వాళ్ళు బయటివాళ్ళని రానివ్వరట. తర్వాత చూద్దాం. నీ మోకాళ్ళ నొప్పికి ఆ మెట్లు ఎక్కీ దిగీ ఎందుకు, ఇస్త్రీ పని తగ్గించుకో.

తమ్ముడు


లాండ్రీ మీది గది,
బుధవారం

తమ్ముడికి,

ప్రియమైన అనే మాట రాయడానికి చెయ్యి రాలేదు.

నిన్న ఉదయం బొత్తాల పెద్దమ్మ కూతురు మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

"మా అమ్మ లేస్తుందని సమాధి దగ్గర చెప్పావు కదమ్మా," అంది.

"చెప్పాను. లేస్తుంది," అన్నాను.

"లేచింది. చూసొచ్చాను."

బెంగతో మతి చలించిందనుకున్నాను. నీళ్ళు ఇవ్వబోయాను. తాగకుండా చెప్పింది. సెలవు రోజున ఫ్యాక్టరీలో తోటివాళ్ళంతా కలిసి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్ళారట. దయ్యాల పండగ హాలోవీన్ వస్తోందని అక్కడ భయాల ఇల్లు కట్టారట. గబ్బిలాలకీ, సాలెగూళ్ళకీ నవ్వుకుంటూ ఒక్కో గదీ దాటారట. చివరి గదిలో ఇనప మంచం, మంచం మీద ఊదారంగు శాలువా.

"శాలువా చూసి అలాంటిది ఇంకొకటి ఉండదా అనుకున్నాను. కొస చూశాను. ఇంతలో లేచి కూర్చుంది. భుజాలు ముందు, తల తర్వాత. నా పక్కనున్న పిల్ల కెవ్వుమని నా మీద పడి, వెంటనే పగలబడి నవ్వింది. 'అబ్బ, ముసల్ది ఎలా లేచిందో చూశావా,' అంది. దానికి నేనేం చెప్పనమ్మా?"

ఆమె వెళ్తూ వెళ్తూ అంది. "వేళ్ళు కూడా సూది పట్టుకున్నట్టే ఉన్నాయి. ఆ సంగతి మనిద్దరికే తెలుసు. నేనైతే ఎవరికీ చెప్పలేదు."

అంతే. గొంతు పెంచలేదు. మైకు లేకుండా వీధి చివరిదాకా వినపడే నోరు నాది, మూసుకుపోయింది. ఆ మెట్లు ఆమె దిగుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను.

సాయంత్రం నేనూ వెళ్ళాను. టిక్కెట్టు కొని, వరసలో నిలబడి, నువ్వు కట్టిన ఆ ఇంట్లోకి వెళ్ళాను. చివరి గది చూశాను. చెడ్డగా చేశావని చెప్పను. అబద్ధం ఆడను. ఎవరో సగం కడిగి వదిలేసి వెళ్ళిన మనిషిలా ఉంది. నా చేతులు తువ్వాలు కోసం వెతుక్కున్నాయి. అంతలో మంచం కింద ఏదో గుర్రుమంది, ఆమె లేచింది, తల ఆలస్యంగా వచ్చింది, నిట్టూర్పు వినపడింది. ఆ నిట్టూర్పు కూడా పెట్టావు. నేను చెప్పిందేదీ వదల్లేదు, నువ్వంత శ్రద్ధగల శిష్యుడివి.

గురువుని పట్టిచ్చినవాడు ముద్దు పెట్టి పట్టిచ్చాడు. నువ్వు సేవ అనే మాట పెట్టి పట్టిచ్చావు. ఆడపిల్లల భయం పోవాలని నేను చెప్పిన ప్రతి మాటా భయం అమ్ముకోవడానికి వాడావు. లేనివాళ్ళకని ఒక కూతురు ఇచ్చిన బట్ట నువ్వు చేసిన శవానికి కప్పావు. చనిపోయినవాళ్ళు లేస్తారు అన్న మాట ఒక్కటే నా దగ్గరున్న ఆస్తి. బడికి పోనిదాన్ని, అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకున్న మాట అది. ఆ మాటకి మోటారు బిగించావు. జనం నవ్వుతున్నారు.

నమ్మించి గొంతు కోశావురా. ఆయాల కేంద్రం ఎక్కడుంది? అసలు ఉందా?

అక్క


సామాన్ల షెడ్డు,
గురువారం

అక్కకి,

లేదు. కేంద్రం లేదు. భయాల ఇంటికని చెబితే నువ్వు ఒక్క మాటైనా రాసేదానివా? అస్థిపంజరం పెట్టె రాగానే కాంట్రాక్టరు అన్నాడు, "నిజం మనిషిలా లేకపోతే వచ్చే సీజన్‌కి నువ్వు వద్దు," అని. నాకు తెలిసినవాళ్ళలో శవాల్ని దగ్గరగా చూసిందానివి నువ్వొక్కదానివే. అడిగాను. అబద్ధం చెప్పి అడిగాను. తప్పే. ఆమె కూతురు ఆ ఇంటికి వస్తుందని కలగన్నానా?

కానీ ఒక్కమాట అననీ. నీ ప్రసంగాల్లో శవం లేని ఆదివారం ఒక్కటి చెప్పు. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని విన్నవాణ్ణి. పురుగులు, మట్టి, చీకటి, రేపు నీ వంతు కావచ్చు, ఇదేగా. జనం వణికిపోయి ప్రార్థనకి ముందుకు వచ్చేవాళ్ళు. నువ్వూ జనాన్ని భయపెట్టే బతికావు. నా దగ్గర బయటికి వెళ్ళేటప్పుడు నవ్వుకుంటూ వెళ్తారు. నీ దగ్గర ఏడుస్తూ వెళ్తారు. ఎవరు మంచి చేసినట్టు?

ఇంకో సంగతి కూడా చెబుతాను. దాచాలనుకున్నాను, కానీ నీకు తెలియాలి. ఆమె ఆ ఒక్క రోజుతో ఆగలేదు. రోజూ సాయంత్రం ఒక్కతే వస్తోంది. నేను గోడ వెనక మోటారు స్విచ్ దగ్గర ఉంటాను, చెక్కల సందులోంచి గది కనపడుతుంది. ఆమె అరవదు. మంచం ముందు అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని నిలబడుతుంది. పెద్దావిడ లేచి కూర్చున్నాక, "ఇంక పడుకోమ్మా," అంటుంది. అప్పుడు నేను దించుతాను. మిగతావాళ్ళకి దబ్బున పడేస్తాను, ఆమెకి మాత్రం మెల్లిగా దించుతాను. వెనకవాళ్ళు తోస్తే కాంట్రాక్టరుతో చెప్పి ఆపించాను. నేను రాక్షసుణ్ణి కాదక్కా. ఆమెకి అక్కడ ఏదో దొరుకుతోంది. నువ్వు సమాధి దగ్గర మాటిచ్చావు, నేను రోజూ చూపిస్తున్నాను. దానివల్ల ఎవరికి నష్టం?

తీసెయ్యడం కుదరదు. ఆ గది కోసమే వరస రోడ్డుదాకా వస్తోంది. కావాలంటే మొహానికి రంగు మారుస్తాను.

తమ్ముడు


లాండ్రీ మీది గది,
శనివారం ఉదయం, వ్యాను డ్రైవరు చేతికిచ్చి

తమ్ముడూ,

పోస్టులో వేస్తే సోమవారం చేరుతుంది. అందుకే మా లాండ్రీ వ్యాను డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. నువ్వు చదివేదాకా ఆయన కదలడు.

నీ దెప్పిపొడుపు దగ్గర మొదలుపెడతాను. నేను జనాన్ని భయపెట్టానన్నది నిజం. రాత్రంతా దాని మీదే ఉన్నాను, లేఖనం తెరిచి పెట్టుకుని. నా మాటలకి వణికి ముందుకొచ్చిన వాళ్ళు ఎంతమంది, ప్రేమతో వచ్చిన వాళ్ళు ఎంతమంది? లెక్క దేవుడి దగ్గర ఉంటుంది, నేను ఇచ్చుకుంటాను. కానీ నీ ఉత్తరంలో దానికన్నా పెద్ద మాట ఒకటి ఉంది, నువ్వు దాన్ని మంచితనం అనుకుని రాశావు. ఆమెకి మెల్లిగా దించుతానన్నావు. కాంట్రాక్టరుకి భయపడి అబద్ధమాడిన తమ్ముణ్ణి తిట్టగలను, క్షమించగలను. ఏడ్చే మనిషిని చెక్కల సందులోంచి చూస్తూ, ఆమె తల్లిని స్విచ్‌తో లేపుతూ దించుతూ, దాన్ని దయ అని పిలుచుకునేవాణ్ణి ఏమనాలో నాకు తెలిసిన ఏ వాక్యంలోనూ దొరకలేదు. లేఖనంలో బంగారు దూడని చేసి మొక్కినవాళ్ళు కూడా అది నిజంగా మేత మేస్తుందని ఎవరినీ నమ్మించలేదు.

నిన్న ఆమె ఇంటికి వెళ్ళాను. ఒంటి గది. కుట్టుమిషను, పొయ్యి, మంచం. మిషను మీద వంగి కూర్చుంది.

"నీ మీద కోపం పోయిందమ్మా," అంది తల ఎత్తకుండా. "ఆదివారం రాను. ఇక అవసరం లేదు. మా అమ్మ ఎక్కడుందో నాకు తెలుసు."

"అది ప్లాస్టిక్ తల్లీ. మా తమ్ముడు చేశాడు. నేను చెబితే చేశాడు. నేనే చెప్పాను ఆ వేళ్ళ సంగతి."

"తెలుసు," అంది. "అయినా నా మాట వింటోంది. పడుకోమంటే పడుకుంటోంది. బతికుండగా ఎప్పుడైనా విందా? ఎంత పొద్దుపోయినా కుడుతూనే కూర్చునేది."

మిషను మీద ఉన్నది దుప్పటి. లోపల దూది పెట్టి, రెండు పొరలు కలిపి కుడుతోంది. ఆ గదిలో పంకా గాలి నేరుగా తల్లి మీదికి కొడుతోందట. "రేపు తాడు దాటి వెళ్ళి కప్పుతాను," అంది. "వద్దంటే ఆగను. ఫ్యాక్టరీకి కూడా చెప్పేశాను, సోమవారం నుంచి రానని. సాయంత్రాలు అక్కడ ఉండాలి కదా."

రేపు అంటే ఇవాళ. అర్థమైందా నీకు? ఇవాళ సాయంత్రం, శనివారం రద్దీకి రోడ్డుదాకా వరస ఉన్నప్పుడు, ఆమె ఆ తాడు దాటుతుంది. దుప్పటి కప్పడానికి తల్లి భుజం కింద చెయ్యి వేస్తుంది. చేతికి బోల్టులు, తీగ, పాలిష్ వాసన తగులుతాయి. తెలుసు అని నోటితో అన్నదే గాని, చేతికి ఇంకా తెలియదు. వెనక నుంచి జనం నవ్వుతారు, ఇదీ ఆటలో భాగమే అనుకుంటారు. ఆ క్షణం తర్వాత ఆమెని ఎవరు కూడదీస్తారు? నేనా? నా మాట ఇక ఆమె చెవికెక్కదు. రెండోసారి తల్లి పోయిన మనిషి అవుతుంది, ఈసారి టిక్కెట్టు కొన్నవాళ్ళ మధ్యలో.

నీ ఉద్యోగం పోతుంది. పోనీ. మా లాండ్రీలో బాయిలరు దగ్గర మనిషి కావాలి, ఓనరుతో మాట్లాడాను. కాంట్రాక్టరు అరిస్తే అరవనీ. నాన్న పోయిన రోజు వరండాలో కూర్చున్నట్టు ఇవాళ కూర్చోకు.

లేచి వెళ్ళు. మోటారు వైరు పీకు. వెనక తలుపులోంచి ఆ బొమ్మని బయటికి తెచ్చి వ్యానులో పెట్టు, డ్రైవరు సాయం పడతాడు. గది ఖాళీ చేసి పారిపోకు. గేటు దగ్గర నిలబడు. ఆమె దుప్పటి చంకన పెట్టుకుని వస్తుంది, ఊదారంగు రుమాలు కట్టుకుని ఉంటుంది, రోజూ చూస్తున్నావుగా, గుర్తుపడతావు. వరసలో చేరకముందే ఎదురెళ్ళి, చెక్కల సందులోంచి కాదు, మొహంలో మొహం పెట్టి, "చేసింది నేనే, లేపింది నేనే, దించింది నేనే," అని నీ నోటితో చెప్పు. కొడితే కొట్టించుకో. నేను నీ పక్కనే నిలబడతాను, మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను.

రేపు క్షమాపణ రాస్తానని అనకు, సీజన్ అయ్యాక చూద్దామని అనకు. గేటు సాయంత్రం తెరుస్తారు. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకో, ఇప్పుడే షెడ్డు తాళం వేసి బయల్దేరు.

అక్క